టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడిపే మా చిన్నాయన సిటీ కౌన్సిల్‌కు నిలబడుతున్నాడు. ఇక్కణ్ణుంచి మేము డబ్బు పంపొచ్చా?

కొర్లగుంట అమ్మాయి, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. నేను ఎం.కాం. చేసి, తిరుపతి కొర్లగుంటలో ఉంటూ ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నాను.

మా చిన్నాయన 1998లో కంప్యూటర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్ళాడు. ఇప్పుడు డాలస్ పక్కన ఉంటాడు. ఉద్యోగం వదిలేసి చాలా ఏళ్ళయింది. సొంతంగా ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడుపుతున్నాడు. కార్లకు, ఇళ్ళకు, మనవాళ్ళ హోటళ్ళకు, పెట్రోలు బంకులకు పాలసీలు చేస్తాడు. అక్కడి పౌరసత్వం కూడా వచ్చేసింది. వచ్చే మే నెలలో వాళ్ళ ఊరి సిటీ కౌన్సిల్‌కు నిలబడుతున్నానని పోయిన ఆదివారం ఫోన్లో చెప్పాడు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే హడావుడి. ఊళ్ళో అయితే ఆయన అమెరికాలో ఎమ్మెల్యే అయిపోతున్నాడని చెప్పుకుంటున్నారు. మా అవ్వకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఎలక్షన్ అంటే ఇళ్ళు గుల్లయిపోయిన వాళ్ళను ఆమె చాలామందిని చూసింది. బిడ్డ అక్కడ ఒంటరిగా అప్పుల పాలవుతాడని, దామలచెరువు వైపున్న మామిడి తోపులో ఒక ఎకరం అమ్మి డబ్బు పంపమంటోంది. మా నాన్న కూడా సరేనంటున్నాడు. చిన్నాయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే వద్దంటాడని వీళ్ళ భయం.

నాకు తెలుసుకోవాలని ఉన్నవి ఇవి. అట్లా డబ్బు పంపితే ఆయనకు ఏమైనా ఇబ్బందా? ఇన్సూరెన్స్ చేసుకునే మనిషికి, అదీ బయటి దేశం నుంచి పోయినవాడికి, అక్కడివాళ్ళు ఓట్లెందుకు వేస్తారు? ఆయనకు తోడుగా నిలబడాలని మాకు నిజంగానే ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

చిత్తూరు డీవో

అమ్మా, నేను ఎల్‌ఐసీలో డెవలప్‌మెంట్ ఆఫీసరుగా రిటైరయ్యాను. అమెరికా చట్టాలు నాకు తెలియవు. నీ రెండో ప్రశ్నకు మాత్రం నాకు తెలిసింది చెబుతాను.

ఒక ఊళ్ళో మంచి ఏజెంటు ఉన్నాడంటే ఆ ఊరి కుటుంబాలన్నీ అతనికి తెలిసినట్టే. ఎవరికి ఎంతమంది పిల్లలు, ఎవరికి షుగరు, ఎవరి పొలం తాకట్టులో ఉంది, ఎవరు ఏ నెలలో ప్రీమియం కట్టలేక తంటాలు పడతారు, అన్నీ తెలుసు. నా కింద పనిచేసిన ఏజెంట్లలో ఒకాయన పూతలపట్టు వైపు పల్లెల్లో సైకిల్ మీద తిరిగేవాడు. ఎవరైనా పోతే పదకొండో రోజు కాకముందే ఆ ఇంటికి పోయి, బాండు వెతికించి, మరణ ధ్రువపత్రం కోసం పంచాయతీ ఆఫీసు చుట్టూ తనే తిరిగి, క్లెయిము కాగితాలు బ్రాంచిలో ఇచ్చి వచ్చేవాడు. ఆ పనికి అతనికి ఒక్క రూపాయి కమీషన్ రాదు. తర్వాత ఆ ఊళ్ళవాళ్ళే పట్టుబట్టి అతన్ని సర్పంచికి నిలబెట్టారు. ఉద్యోగులం కాబట్టి మాకు రాజకీయాల్లోకి దిగే వీలు లేదు గానీ ఏజెంట్లలో అట్లాంటి వాళ్ళను చాలామందిని చూశాను.

1956లో 245 కంపెనీలను కలిపి ఎల్‌ఐసీని ఏర్పాటు చేసినప్పుడు పల్లెలకు బీమా చేర్చడమే ముఖ్య ఉద్దేశమని మాకు శిక్షణలో చెప్పేవాళ్ళు. ఆ చేర్చే పని చేసింది ఏజెంట్లే. మీ చిన్నాయన కూడా అక్కడ అదే పని చేసి ఉంటాడు. కాబట్టి ఓట్లు ఎందుకు వేస్తారన్న దిగులు పెట్టుకోకు.

డబ్బు సంగతంటావా, ఎలక్షన్ ఎక్కడైనా ఎలక్షనే. బిడ్డ కష్టంలో ఉంటే తల్లి పంపడంలో తప్పేముంది? నా మటుకు నేనైతే పంపమనే అంటాను.

పుత్తూరు నుంచి షుగర్‌ల్యాండ్

డీవో గారూ, ఏజెంటు గురించి మీరు రాసిన ప్రతి మాటా నిజం. డబ్బు దగ్గర మాత్రం మీ సలహా పాటిస్తే ఆ చిన్నాయన పెద్ద చిక్కులో పడతాడు. అందుకే ముందు అది చెప్పి తర్వాత మిగతా విషయాలకు వస్తాను.

చెల్లెమ్మా, మీ ఇంటి నుంచి ఆయన ఎన్నికకు ఒక్క రూపాయి కూడా పంపకండి. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇక్కడి ఏ ఎన్నికకూ డబ్బు ఇవ్వకూడదు. అధ్యక్ష ఎన్నికైనా, ఊరి కౌన్సిల్ ఎన్నికైనా ఇదే ఫెడరల్ చట్టం. ఇక్కడే ఉండి, ఇక్కడే పన్నులు కట్టే హెచ్1బీ కుర్రాళ్ళు కూడా ఇవ్వకూడదు. "కొడుక్కు కానుకగా పంపుతాం, ఆయన తన సొంత డబ్బులా ఖర్చుపెట్టుకుంటాడు" అని ఎవరైనా మధ్యలో తెలివి చెప్పొచ్చు. అదీ వద్దు. ఎన్నిక కోసమని తెలిసి పంపిన డబ్బును ఏ పేరు మీద పంపినా తప్పే. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం విడిగా ఇంకో నేరం. ఎదుటి పక్షంవాళ్ళ చేతికి ఒక్క బ్యాంకు కాగితం దొరికితే చాలు, ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న పేరు, దాంతోపాటు ఏజెన్సీ లైసెన్సు కూడా ప్రమాదంలో పడతాయి. అవ్వకు ఈ మాట ఇవాళే చెప్పు.

పైగా సిటీ కౌన్సిల్ ఎన్నికకు ఎకరాలు అమ్మాల్సినంత ఖర్చు ఉండదు. టెక్సాస్‌లో చాలా ఊళ్ళలో ఇది పార్టీ గుర్తులు లేని ఎన్నిక. అభ్యర్థి ముందు ఒక కోశాధికారిని పెట్టుకున్నట్టు కాగితం దాఖలు చేయాలి. అది చేయకుండా ఎవరి దగ్గరా డాలరు తీసుకోకూడదు, తన డాలరైనా ఖర్చుపెట్టకూడదు. కంపెనీల నుంచి విరాళం తీసుకోకూడదు. నోట్ల రూపంలో అయితే ఒక మనిషి దగ్గర ఒక లెక్కల కాలానికి 100 డాలర్లు మించకూడదు. పోలింగుకు 30 రోజుల ముందు ఒకసారి, 8 రోజుల ముందు మరోసారి ఎవరిచ్చారో, దేనికి పోయిందో రాసి ఇవ్వాలి. ఊళ్ళో ఎవరైనా ఆ కాగితాలు చదువుకోవచ్చు. నేను వీటన్నిటిలోంచి వచ్చినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

ఇక "ఎందుకు వేస్తారు" అన్న ప్రశ్న. దానికి నా సంగతే చెబుతాను.

మాది పుత్తూరు. నాన్నకు రెండు మరమగ్గాలు ఉండేవి. నేను ఇంజినీరింగ్ చదువుతుండగా గుండెపోటుతో పోయాడు. ఆయన ఒక ఎల్‌ఐసీ పాలసీ కట్టాడని అమ్మకు కూడా సరిగ్గా తెలియదు. ఏజెంటే ఇంటికొచ్చి చెప్పాడు. ట్రంకు పెట్టె అడుగున, పెళ్ళి శుభలేఖల కింద బాండు దొరికింది. ఆయన అరుగు మీద కూర్చుని ఫారాలన్నీ తనే నింపాడు. అమ్మకు సంతకం రాదు. వేలిముద్రకు సాక్షి కావాలంటే హైస్కూలు హెడ్‌మాస్టరును వెంటబెట్టుకొచ్చాడు. రెవెన్యూ స్టాంపు కూడా తన జేబులోంచే తీసి అంటించాడు. ఆ డబ్బుతో నా చదువు పూర్తయింది. ఇన్సూరెన్స్ అంటే నాకు ముందుగా తెలిసింది ఆ మనిషే.

1994లో అమెరికా వచ్చాను. 2000లో గ్రీన్ కార్డు వచ్చింది. మరుసటి ఏడే కంప్యూటర్ కంపెనీలు కుప్పకూలాయి, నా ఉద్యోగం పోయింది. మనవాళ్ళు చాలామంది అప్పుడు దొరికిన పనల్లా చేశారు. నేను టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖ పెట్టే పరీక్ష రాసి, ఆస్తులకు, ప్రమాదాలకు పాలసీలు అమ్మే లైసెన్సు తీసుకున్నాను. రెండేళ్ళకోసారి 24 గంటల క్లాసులు పూర్తిచేస్తేనే ఆ లైసెన్సు రెన్యూ అవుతుంది. మొదట్లో ఒక పెద్ద ఏజెన్సీలో చేరితే అక్కడి మేనేజరు నా యాసతో ఫోన్లు ఎత్తనిచ్చేవాడు కాదు, ఫైళ్ళు మాత్రమే ఇచ్చేవాడు. ఆ ఫైళ్ళ వల్లే పాలసీని ఒక్కో క్లాజు చొప్పున చదవడం అలవాటైంది. తర్వాత కిరాణా కొట్టు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని సొంతంగా మొదలుపెట్టాను.

2008 సెప్టెంబరులో ఐక్ తుఫాను వచ్చింది. హ్యూస్టన్ పక్కన మా షుగర్‌ల్యాండ్ వైపు నీళ్ళకంటే గాలి దెబ్బ ఎక్కువ. పైకప్పులు లేచిపోయాయి. అప్పుడు చాలామందికి తెలియని సంగతొకటి బయటపడింది. మామూలు నష్టానికి మన చేతి నుంచి పెట్టుకోవాల్సింది వెయ్యి డాలర్లయితే, గాలివాన నష్టానికి ఇంటి బీమా విలువలో ఒక శాతమో రెండు శాతమో పెట్టుకోవాలి. మూడు లక్షల ఇంటికి రెండు శాతమంటే ఆరు వేల డాలర్లు. అప్పటికి ఉద్యోగాలు ఊగిసలాడుతున్నాయి. ఒక ముసలాయన, వియత్నాం నుంచి వచ్చిన ఆయన, తడిసిపోయిన పాలసీ కాగితాలు పళ్ళెంలో ఆరబెట్టి తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషు ఆయనకూ అంతంతే. ఇద్దరం కూర్చుని పంక్తి పంక్తి చదివాం. కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టరు తన లెక్కలో వదిలేసిన కంచె, షెడ్డు, తడిసిన ఇన్సులేషన్ మళ్ళీ రాయించాం. ఆయనకు రావాల్సింది వచ్చింది. ఆ వీధివాళ్ళంతా తర్వాత తమ కాగితాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో సగం మంది నా దగ్గర పాలసీ తీసుకున్నవాళ్ళు కారు.

రాజకీయం నాకు మొదలైంది మురుగు కాలువ దగ్గర. ఇక్కడ కొత్త కాలనీలకు నీళ్ళు, మురుగు, వాన నీటి కాలువలు చూసేందుకు ఎంయూడీలని చిన్న చిన్న జిల్లాలు ఉంటాయి. వాటికి పన్ను వేసే అధికారం ఉంది, ఎన్నికైన బోర్డు ఉంది. కానీ మీటింగులకు ఒక్కోసారి బోర్డువాళ్ళు, ఇంజినీరు, లాయరు తప్ప పురుగు కూడా కనిపించదు. నేను పోయి వెనక కుర్చీలో కూర్చునేవాణ్ణి. మా వీధి చివర వాన నీరు నిలిచే చెరువులో పూడిక తీశారా, పంపుకు జనరేటరు ఉందా అని అడిగేవాణ్ణి. ఇన్సూరెన్స్ చేసేవాడికి ఈ ప్రశ్నలు మామూలే, ఏ ఇంటికి ఏ వైపు నుంచి నష్టం వస్తుందో చూడటమే మా పని. 2010లో బోర్డుకు నిలబడ్డాను. ఓటేసినవాళ్ళు వందల్లోనే. గెలిచాను.

2017 ఆగస్టు చివర్లో హార్వీ తుఫాను వచ్చింది. హ్యూస్టన్ చుట్టుపక్కల కొన్నిచోట్ల నాలుగైదు రోజుల్లోనే 50 అంగుళాలు దాటి వాన పడింది. అడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండిపోయి గేట్లు ఎత్తారు. మీ తిరుపతిలో 2021 నవంబరు వానకు వీధులు ఏరులైనప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు, ఆ వీడియోలు చూస్తుంటే నాకు మళ్ళీ ఆ రాత్రులే గుర్తొచ్చాయి.

నీళ్ళు తీశాక ప్రతి ఇంటి ముందూ తడిసిన కార్పెట్లు, మంచాలు, పిల్లల పుస్తకాలు గుట్టలుగా పోశారు. గోడల్ని నాలుగడుగుల ఎత్తు వరకు కోసి తీసేశారు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: "ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కదా!" మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు. పైపు పగిలితే ఇస్తారు, బయటి నుంచి నీళ్ళు వచ్చి పడితే ఇవ్వరు. వరదకు ప్రభుత్వ పథకం కింద వేరే పాలసీ తీసుకోవాలి. దాంట్లో ఇంటికి 2,50,000 డాలర్లు, సామాన్లకు 1,00,000 డాలర్ల వరకు వస్తాయి. తీసుకున్నాక 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు, కాబట్టి టీవీలో తుఫాను చూసి పరిగెత్తి కొనే వీలు లేదు. ప్రభుత్వ వరద మ్యాపులో ప్రమాదం ఎక్కువని గీసిన చోట మాత్రమే బ్యాంకులు అది తప్పనిసరి చేస్తాయి. మా కాలనీలన్నీ ఆ గీత అవతల ఉన్నాయి. ఆ రోజుల్లో అట్లాంటి చోట ఏడాదికి 500 డాలర్లలోపే దొరికేది, అయినా బ్యాంకు అడగలేదు కదా అని ఎక్కువమంది తీసుకోలేదు. వాళ్ళకు ప్రభుత్వ సాయం గరిష్ఠంగా 33,000 చిల్లర డాలర్లు. అంతా రావడం కూడా అరుదు.

నా దగ్గర పాలసీ ఉన్న ప్రతి ఇంటి ఫైల్లోనూ వరద పాలసీ గురించి చెప్పినట్టు, వద్దన్నవాళ్ళు సంతకం పెట్టినట్టు కాగితం ఉంది. చట్టం ముందు అది నాకు రక్ష. కానీ ఇల్లు పోగొట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ కాగితం చూపించడం నాకు చేతకాలేదు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి విపత్తు సాయం ఇచ్చే కేంద్ర సంస్థ ఫెమాకు దరఖాస్తులు, చిన్న వ్యాపారాల శాఖ ఇచ్చే లోన్లు, పన్ను తగ్గింపు కాగితాలు రాసిపెట్టాం. మా ఆఫీసు ఆ రోజుల్లో రాత్రి పదింటి దాకా తెరిచే ఉండేది. మా ఆవిడ పెద్ద కుక్కర్లతో పులిహోర చేసి తెచ్చేది.

అప్పుడే నాకు ఒకటి గట్టిగా అనిపించింది. నేను ఎన్ని పాలసీలు అమ్మినా కాలువ వెడల్పు పెరగదు. ఎక్కడ ఇల్లు కట్టనివ్వాలి, కొత్త కాలనీ నేల ఎంత ఎత్తులో ఉండాలి, వాన నీటికి ఎంత చోటు వదలాలి, ఇవన్నీ కౌన్సిల్లో చేతులెత్తితే తేలే సంగతులు. తర్వాత సిటీ హద్దుల్లోకి ఇల్లు మారాం. కౌన్సిల్‌కు నిలబడ్డాను. మొదటిసారి రన్‌ఆఫ్ దాకా, అంటే ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరికీ పెట్టే రెండో పోటీ దాకా వచ్చి ఓడాను. రెండోసారి గెలిచాను.

గెలిపించింది తెలుగువాళ్ళని ఇక్కడ చాలామంది అనుకుంటారు. మనవాళ్ళు అండగా నిలబడ్డారు, వాళ్ళకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ లెక్క చూస్తే మనవాళ్ళ ఓట్లతో ఎవరూ గెలవరు. పౌరసత్వం వచ్చినవాళ్ళే కొందరు, వాళ్ళలో ఊరి ఎన్నికకు బయల్దేరేవాళ్ళు ఇంకా కొందరు. ఐక్ నాడు కాగితాలు పట్టుకొచ్చిన వియత్నాం వీధి, హార్వీలో మునిగిన తెల్లవాళ్ళు, మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, నైజీరియా వాళ్ళు, వీళ్ళంతా కలిసి వేశారు. మనిషి వాళ్ళ గుమ్మంలోకి ఇంతకుముందే వచ్చి ఉన్నాడా లేదా అన్నదే చూశారు.

మీ చిన్నాయనకు ఈ మాటలు చేరవెయ్యి. ఏజెన్సీలో ఉన్న కస్టమర్ల లిస్టును ప్రచారానికి వాడొద్దు. వాళ్ళు వివరాలు ఇచ్చింది పాలసీ కోసం. 1999 నాటి ఫెడరల్ చట్టం కూడా కస్టమర్ వివరాలను గుట్టుగా ఉంచమంటుంది. ఓటర్ల జాబితా ఎన్నికల ఆఫీసులో అడిగితే ఇస్తారు, అది పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. నేను అట్లాగే తిరిగాను. కస్టమర్ తలుపు తీస్తే "ఈరోజు పాలసీ మాట లేదు" అని ముందే చెప్పేవాణ్ణి. గెలిచాక సిటీకి ఒక్క పాలసీ కూడా అమ్మకూడదు. సిటీ ఇన్సూరెన్స్ విషయం మీటింగులో వచ్చినప్పుడు నాకు ఈ వ్యాపారం ఉందని అఫిడవిట్ ఇచ్చి, ఓటింగుకు దూరంగా ఉంటాను. కౌన్సిల్లో నాకిచ్చే డబ్బు కారు పెట్రోలుకు సరిపోతుంది. సంపాదనంతా ఏజెన్సీదే, అది బలంగా ఉంటేనే ఇందులో నిటారుగా నిలబడగలం.

బయటి నుంచి పోయినవాడికి ఓట్లెవరు వేస్తారన్న మాట ఇవాళ్టిది కాదు. అమృత్‌సర్ దగ్గర పల్లెలో 1899లో పుట్టిన దలీప్ సింగ్ సౌంద్ 1920లో ఇక్కడికి వచ్చాడు. బర్క్‌లీలో గణితంలో పీహెచ్‌డీ చేశాడు. అయినా ఉద్యోగం దొరక్క కాలిఫోర్నియా ఎడారి వైపు వ్యవసాయం చేశాడు. భారతీయులకు పౌరసత్వం ఇచ్చే చట్టమే 1946 దాకా లేదు. దానికోసం పోరాడి 1949లో పౌరుడయ్యాడు. 1950లో చిన్న కోర్టుకు జడ్జిగా గెలిస్తే, పౌరుడై ఏడాది నిండలేదని ఆ పదవి ఇవ్వలేదు. 1952లో మళ్ళీ నిలబడి గెలిచాడు, 1956లో ఏకంగా అమెరికా కాంగ్రెస్‌కే ఎన్నికయ్యాడు. మన పక్క నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల గారు ఇంజినీరుగా పనిచేస్తూ టౌన్‌షిప్ కౌన్సిల్ నుంచి మొదలుపెట్టి, 2002 నుంచి 2014 దాకా న్యూజెర్సీ శాసనసభలో ఉన్నారు. ఆ సభకు ఎన్నికైన మొదటి భారతీయ అమెరికన్ ఆయనే. వీళ్ళెవరూ పైమెట్టు నుంచి మొదలుపెట్టలేదు.

చిత్తూరు డీవో

తమ్ముడూ, డబ్బు గురించి నాకు తెలియని సంగతి చెప్పావు, సంతోషం. అమ్మాయీ, పంపమన్న నా మాట పక్కన పెట్టేయి. పుత్తూరులో మీ అరుగు మీద కూర్చున్న ఆ ఏజెంటు ఇప్పుడు ఉన్నాడో లేడో గానీ, ఇది చదివితే ఆయన ఇంట్లోవాళ్ళు ఎంత సంతోషిస్తారో.

కొర్లగుంట అమ్మాయి, తిరుపతి

అన్నా, మీరు ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. రాత్రి మా నాన్నకు మొత్తం చదివి వినిపించాను. పంపే మాట మానుకున్నారు. అవ్వ హార్వీ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

మా నాన్న ఇంకోటి అడగమన్నాడు. అక్కడ పేరు వచ్చాక చిన్నాయన ఇక్కడికి తిరిగొచ్చి చంద్రగిరి నుంచో పూతలపట్టు నుంచో నిలబడొచ్చా? గల్లా వాళ్ళు అమెరికా నుంచే కదా వచ్చింది అంటున్నాడు.

బార్ కౌన్సిల్ బాట, తిరుపతి

నేను లా చివరి సంవత్సరం. ఇది నేను చెబుతాను.

కుదరదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. మనకు రెండు పౌరసత్వాలు లేవు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉంటే వీసా లేకుండా రావచ్చు, ఉండొచ్చు, వ్యాపారం చేయొచ్చు. ఓటు వేయడానికి, పోటీ చేయడానికి హక్కు లేదు. వ్యవసాయ భూమి కొనడానికీ లేదు. పెద్దల నుంచి వారసత్వంగా మాత్రం రావచ్చు. మీ తోపు విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి.

గల్లా వారి సంగతి వేరు. పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజినీరుగా పనిచేసి తిరిగొచ్చి, 1985లో అమరరాజా పెట్టారు. ఆయన భార్య అరుణకుమారి గారు చంద్రగిరి నుంచి పలుమార్లు గెలిచి మంత్రిగా చేశారు. ఆమె తండ్రి పాటూరి రాజగోపాల నాయుడు గారు చిత్తూరు ఎంపీగా చేశారు. ఇక్కడ పోటీ చేయాలంటే భారత పౌరులై ఉండాల్సిందే. ఆ నియమం దాటితే ఏమవుతుందో వేములవాడ కేసు చూడండి. అక్కడ పలుమార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ గారు జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చింది, 30 లక్షల ఖర్చులు కూడా వేసింది.

పౌరసత్వం వదులుకోకుండా గ్రీన్ కార్డు మీద మాత్రమే ఉన్నవాళ్ళకు ఇక్కడ ఓటు ఉంటుంది. అయితే పోలింగు రోజు స్వయంగా వచ్చి వేయాలి.

పుత్తూరు నుంచి షుగర్‌ల్యాండ్

తమ్ముడు సరిగ్గా చెప్పాడు. నేను కూడా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు పాత పాస్‌పోర్టును చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పుత్తూరులో నాకు ఇక ఓటు లేదు. ఆ బాధ ఉంది, ఉంటుంది. ఎక్కడ పన్ను కడుతున్నామో, ఎక్కడ పిల్లలు బడికి పోతున్నారో అక్కడ బాధ్యత తీసుకోవాలనిపించే ఆ సంతకం పెట్టాను. చిన్నాయనను మన ఊరికి తిరిగి రమ్మనే బదులు డాలస్ దగ్గరే బాగా చేయమని చెప్పండి.

కొర్లగుంట అమ్మాయి, తిరుపతి

అర్థమైంది అన్నా. ఇంకొక్కటి. నిన్న చిన్నాయనకు ఫోన్ చేశాను. వాళ్ళ ఊళ్ళో పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడ్డ మన పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారట. పౌరసత్వం ఉంది, ఓటు ఉంది, కానీ ఇంగ్లీషు చదవలేక ఓటు వేయడానికి వెళ్ళడం లేదట. తెలుగులో ఒక కరపత్రం రాసిపెట్టగలవా అని అడిగాడు. నేను డబ్బు తీసుకోకుండా ఇక్కణ్ణుంచి రాసిస్తే అదైనా తప్పవుతుందా?

పుత్తూరు నుంచి షుగర్‌ల్యాండ్

తప్పు కాదు. బయటి దేశం మనిషి జీతం, ఖర్చు ఏదీ తీసుకోకుండా తన శ్రమ ఇవ్వొచ్చు. రెండు హద్దులు మాత్రం దాటకు. ప్రింటింగు ఖర్చు నువ్వు పెట్టుకోకూడదు, అది ఆయన ప్రచార ఖాతాలోంచే పోవాలి. డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి, ప్రచారం ఎట్లా నడపాలి అన్న నిర్ణయాల్లో నువ్వు కూర్చోకూడదు. ఆయన రాసిచ్చిన ఇంగ్లీషును తెలుగు చేయి, అంతే. అచ్చుకు పోయే ముందు వాళ్ళ సిటీ సెక్రటరీ ఆఫీసులో ఒకసారి అడిగి నిర్ధారించుకోమను.

కరపత్రంలో ఆయన గొప్పలకంటే ముందు ఓటు వేసే పద్ధతి రాయి. పోలింగు రోజు దాకా ఆగక్కర్లేదు, ముందస్తు ఓటింగ్ రోజులు ఉంటాయి, ఆ తేదీలు పెద్ద అక్షరాల్లో వేయించు. టెక్సాస్‌లో ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. డ్రైవింగ్ లైసెన్సు లేని పెద్దవాళ్ళకు అమెరికా పాస్‌పోర్టైనా, ఫొటో ఉన్న పౌరసత్వ పత్రమైనా చెల్లుతుంది. ఇంగ్లీషు చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయంగా లోపలికి తీసుకుపోవచ్చు. కొడుకైనా కోడలైనా పక్కింటివాళ్ళైనా సరే. పనిచేసే చోటి యజమాని, యూనియన్ మనిషి మాత్రం పనికిరారు. సాయం వచ్చినవాళ్ళు అక్కడ ప్రమాణం చేయాలి. ఓటు ఎవరికి వేయాలో చెప్పకూడదు, ఓటరు చెప్పింది చేయాలి. మా దగ్గర పెద్దవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలియక ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయారు. తెలిశాక కోడళ్ళ చెయ్యి పట్టుకుని వచ్చి వేశారు.

రాయడం అయ్యాక ఇక్కడ పెట్టు. తేదీలు, పదాలు నేనూ ఒకసారి చూస్తాను.